ఉంగరం పడ్డ చోటు

నవలలు రాసేవాళ్లకు వచ్చే ఉత్తరాలు మూడు రకాలు. నాయికను ఎందుకు చంపారని ఏడ్చేవి, ఎందుకు చంపలేదని తిట్టేవి, మా జీవితకథ చెబుతాం నవలగా రాసిపెట్టండని అడిగేవి. నాలుగో రకం ఉత్తరం నాకు ఒక్కటంటే ఒక్కటే వచ్చింది, భూపాలపల్లి నుంచి. బొగ్గుబాయిలో సర్వేయరుగా పనిచేసి రిటైరైన పెద్దాయన ఒకరు కాగితానికి రెండువైపులా, మార్జిన్ కూడా వదలకుండా రాశారు.

నా నవల ఒకదానిలో నాయిక విశాఖపట్నం నుంచి పోర్ట్ బ్లెయిర్ వెళ్లే ఓడమీద రెయిలింగ్ పట్టుకుని నిలబడి, వేలి ఉంగరం తీసి సముద్రంలో వేసేస్తుంది. ఆ ఉంగరం మెల్లగా దిగి, అడుగున చదునైన ఇసుక మీద, ఎవరూ కదిలించలేని చోట నిద్రపోయిందని రాశాను. రాసి, చదువుకుని, నేనే మురిసిపోయాను కూడా. ఇంట్లో వాళ్లకు చదివి వినిపిస్తే మా ఆయన, "ఎన్ని గ్రాములు?" అని అడిగారు. అది వేరే సంగతి.

పెద్దాయన ఉత్తరంలో ఉన్నది ఇదీ: "అమ్మా, నవల బాగున్నది. కాని మీ ఉంగరం చదునైన ఇసుక మీద పడదు. విశాఖ ఒడ్డు దాటి కొంతదూరం పోయినంక సముద్రపు అడుగు ఒక్కసారి కిందికి జారుతది. ఆ జారుడు మీద పెద్దపెద్ద లోయలున్నయి. అండ్ల ఒకదాని పేరు మహదేవన్. ఆ మహదేవన్ మన నిజాం ఇలాకల రాళ్లు చూసుకుంట తిరిగిన మనిషే. మీరు మన దిక్కు ఆమె కాబట్టి చెప్పాలనిపించింది."

నేను చదివింది బి.ఏ. పుట్టింది మహబూబాబాద్‌లో (మేం మానుకోట అంటాం, రైల్వేవాళ్లు ఏం రాసుకున్నా సరే), మెట్టింది జనగామలో. సముద్రాన్ని జీవితంలో మూడుసార్లు చూశాను. మా జనగామలో లోతు అనే మాట వాడేది బోరు గురించే. ఎన్ని ఫీట్లు వేశారు, నీళ్లు పడ్డాయా, దుమ్ము లేచిందా అని. సముద్రానికి అడుగు ఉంటుందనీ, ఆ అడుగుకు లోయలుంటాయనీ, లోయలకు మనుషుల పేర్లుంటాయనీ నాకు తట్టనే లేదు. తప్పు పట్టించుకున్నాను కదా అని నాలుగు పుస్తకాలు తెప్పించి చదివాను. చదివేకొద్దీ నా ఉంగరం ఎక్కడెక్కడికో దొర్లుకుంటూ పోయింది.

ముందు ఆ మహదేవన్‌గారి సంగతి. కలమూరు మహదేవన్ 1901లో పుట్టారు. కలకత్తాలో సి.వి. రామన్ దగ్గర పరిశోధన చేసి, తరువాత హైదరాబాద్ సంస్థానపు భూగర్భ సర్వేలో ఏళ్ల తరబడి ఉద్యోగం చేశారు. 1940ల నడిమిలో వాల్తేరు వెళ్లి ఆంధ్ర విశ్వకళా పరిషత్తులో భూగర్భశాస్త్ర శాఖకు పెద్ద అయ్యారు. నేలమీద రాయి చూసే మనిషి సముద్రం ఒడ్డున కాపురం పెడితే చూపు నీళ్లమీదికి పోక మానదు. 1952లో అమెరికా నుంచి లాఫాండ్ అనే సముద్రశాస్త్రజ్ఞుడు అదే విశ్వవిద్యాలయానికి పాఠాలు చెప్పడానికి వచ్చాడు. ఆయన భార్య కేథరిన్ కూడా ఈ శాస్త్రంలోనే ఆయనతో కలిసి వ్యాసాలు రాసిన మనిషి. కుర్రవాళ్లను వెంటబెట్టుకుని మన నౌకాదళపు ఓడలెక్కి నీటి వేడి, ఉప్పదనం, అడుగు మట్టి కొలిచారు. మన దేశంలో సముద్రశాస్త్రం ఒక చదువుగా వేళ్లూనుకున్న చోట్లలో వాల్తేరు ఒకటి.

మహదేవన్ 1962లో పోయారు. మరుసటి ఏడు, అంటే 1963లో, హిందూ మహాసముద్రాన్ని పరిశీలించడానికి అనేక దేశాలు కలిసి చేపట్టిన పెద్ద యాత్రలో భాగంగా ఆంటన్ బ్రూన్ అనే ఓడ బంగాళాఖాతంలోకి వచ్చింది. ఈ ఓడ పూర్వాశ్రమంలో అమెరికా ప్రెసిడెంటు ట్రూమన్ షికార్లు చేసిన విలాస నౌక విలియమ్స్‌బర్గ్. విందులు జరిగిన ఓడలో తరువాత చేపలు పట్టే వలలూ మట్టి తీసే గొట్టాలూ చేరాయి. ఓడల బతుకులూ మన బతుకుల్లాంటివే. లాఫాండ్ మళ్లీ ఆ ఓడమీద వచ్చి, విశాఖకు ఎదురుగా ఖండపు అంచు జారిపోయే చోట మూడు లోయల్ని గుర్తించి, వాటి గురించి 1964లో అచ్చువేశాడు. వాటి పేర్లు ఆంధ్ర, మహదేవన్, కృష్ణ. కన్నుమూసిన స్నేహితుడి పేరు ఎవరూ చూడని లోయకు పెట్టడం నాకు శిలావిగ్రహం కంటే బాగుందనిపించింది. కాకులు వాలవు.

ఇంతకీ కనబడని అడుగును గీయడం ఎట్లా? పూర్వం తాడుకు సీసపుగుండు కట్టి దించేవారు. 1872 డిసెంబరులో చాలెంజర్ అనే ఇంగ్లీషు ఓడ ఈ పనిమీదే బయలుదేరి మూడున్నరేళ్లు ప్రపంచమంతా తిరిగింది. దానికి ఒక ఏడాది ముందు, 1871లో, విలియం కింగ్ అనే భూగర్భశాస్త్రజ్ఞుడు మా మానుకోటకు ఆ పక్కనే ఉన్న ఇల్లెందు అడవుల్లో బొగ్గు కనిపెట్టాడు. సింగరేణి కథ అక్కడే మొదలు. ఒకే కాలంలో ఒకరు మన అడవిలో నేల అడుగు వెతుకుతూ, ఇంకొకరు నడిసముద్రంలో తాడు వదులుతూ ఉన్నారన్నమాట. తాడు దించి పైకి లాగేసరికి గంటలు పట్టేది. అలా ఒక్కొక్క చుక్క పెడుతూ పోతే సముద్రం ఎప్పటికి తెలియాలి?

తరువాత ప్రతిధ్వని వచ్చింది. చిన్నప్పుడు మానుకోటలో మా ఇంటి చేదబావిలోకి తల వంచి "ఓ" అని అరిచేదాన్ని. బావి కూడా "ఓ" అనేది. నీళ్లు ఎంత కిందికి పోతే జవాబు అంత ఆలస్యం అని మా నాయన చెప్పేవారు. సూత్రం అదే. ఓడ కిందినుంచి శబ్దం పంపి, అది అడుగును తాకి తిరిగిరావడానికి ఎంతసేపు పట్టిందో చూసి లోతు కడతారు. నీళ్లలో శబ్దం సెకనుకు సుమారు 1500 మీటర్లు పోతుంది కనుక నాలుగు కిలోమీటర్ల లోతు నుంచి కూడా అయిదారు సెకన్లలో కబురు వచ్చేస్తుంది.

ఇక్కడ ఒకావిడ గురించి చెప్పకపోతే నాకు అన్నం సయించదు. మేరీ థార్ప్ అని, 1920లో పుట్టిన అమెరికా మనిషి. కాలేజీలో చదివింది ఇంగ్లీషు సాహిత్యం, సంగీతం. నాలాంటి ఆర్ట్స్ చదువే! యుద్ధకాలంలో మగపిల్లలు సైన్యంలోకి పోయి క్లాసులు ఖాళీ అయితే, ఆడపిల్లలకు భూగర్భశాస్త్రంలో సీట్లిచ్చారు. అట్లా అందులో చేరింది. న్యూయార్కు దగ్గరి లామంట్ పరిశోధనాలయంలో ఉద్యోగం దొరికింది. కాని ఆడవాళ్లను ఓడ ఎక్కనివ్వరు. బ్రూస్ హీజెన్ అనే సహోద్యోగి ఓడలెక్కి కొలతలు తెస్తుంటే ఈవిడ బల్ల ముందు కూర్చుని, వేలకొద్దీ అంకెల్ని కాగితం మీద కొండలుగా లోయలుగా గీసేది. వంటింట్లోంచి కదలకుండా ఊరి సంగతులన్నీ చెప్పగల ఆడవాళ్లు మనకు కొత్తేం కాదు గాని, ఈవిడ చెప్పింది ఊరి సంగతి కాదు, భూగోళం సంగతి.

1952, 53 ప్రాంతంలో అట్లాంటిక్ సముద్రం అడుగు గీస్తుంటే, నడిమధ్య పర్వతశ్రేణి నడినెత్తిన, పాపిట తీసినట్టు ఒక లోయ కనబడింది. ఒక గీతలో కాదు, గీసిన ప్రతి గీతలోనూ అదే చోట. అంటే అక్కడ భూమి రెండుగా విచ్చుకుంటోంది, ఖండాలు కదులుతున్నాయి. ఆ రోజుల్లో ఖండాలు కదులుతాయనడం పెద్దమనుషుల ముందు అనదగిన మాట కాదు. హీజెన్ చూసి, ఇవి ఆడవాళ్ల కబుర్లని తోసిపారేశాడు. ఆ పక్క బల్ల దగ్గరే హోవర్డ్ ఫోస్టర్ అనే చెవిటి చిత్రకారుడు సముద్రంలో వచ్చిన భూకంపాలను పటంమీద చుక్కలుగా పెడుతున్నాడు. ఒకరి కాగితం మీద ఇంకొకరి కాగితం పెట్టి చూస్తే చుక్కలన్నీ మేరీ గీసిన లోయలో వరసగా పడ్డాయి. హీజెన్ అప్పుడు ఒప్పుకున్నాడు. ఆవిడ ఓడ ఎక్కడానికి మాత్రం ఇంకో పదేళ్లకు పైగా పట్టింది. 1967లో వాళ్లిద్దరి పరిశోధన ఆధారంగా హైన్రిఖ్ బెరాన్ చిత్రించిన హిందూ మహాసముద్రపు అడుగు పటం వచ్చింది, 1977లో ప్రపంచ సముద్రాలన్నిటి పటం. చదువుకునే రోజుల్లో మన భూగోళం పుస్తకాల్లో నీలిరంగు పూసి వదిలేసిన చోట ఇన్ని కొండలున్నాయా అని నేను ఆ పటం ముందు చాలాసేపు కూర్చున్నాను.

అందులో మన బంగాళాఖాతం ఉంది. ఆ నీళ్ల కింద ఉన్నది మట్టి. నదులు తెచ్చి పోసిన ఒండ్రు దక్షిణానికి మూడువేల కిలోమీటర్ల దూరం విసనకర్రలా పరుచుకుంది. అందులో సింహభాగం గంగా బ్రహ్మపుత్రలది. మన వాటా కూడా ఉంది. మా మానుకోట వైపు ఆకేరు, మున్నేరు పారి కృష్ణలో కలుస్తాయి. భూపాలపల్లి వానలు కాళేశ్వరం దిగువన గోదావరిలోకి పోతాయి. ఏ జొన్నచేను గట్టు తెగి పోయిందో, ఏ చెరువు మత్తడి దుంకి పోయిందో, ఆ మట్టిలో కొంత ఆ చీకట్లో ఉంది. నదులకు అడ్డంగా ఆనకట్టలు లేచాక ఒండ్రు చాలావరకు జలాశయాల్లోనే దిగబడిపోతోందన్నది వేరే కష్టం.

సరే, ఇంత చదివాక ఉత్తరం రాసిన మనిషిని చూడకపోతే ఎట్లా? జనగామలో బస్సెక్కి, వరంగల్లో మారి భూపాలపల్లి వెళ్లాను. పెద్దాయన సన్నగా, పొడుగ్గా ఉన్నారు. ఆయన భార్య "ఎండల బడి వచ్చినవ్ బిడ్డా" అంటూ చెంబుతో నీళ్లిచ్చింది. గోడకు దేవుడి పటాల పక్కనే సముద్రపు పటం, ఏదో పాత పత్రికలోంచి చింపింది. "ఈయనకు సముద్రమంటే మస్తు పిచ్చి. తీసుకపొమ్మంటే మాత్రం తీసుకపోడు" అన్నదావిడ.

ఆయన బల్లమీద ఒక రాయి పెట్టారు. పలకలాంటి నల్లరాయిలో నాలుకలాంటి ఆకు అచ్చు, నడుమ ఈనె, పక్కన వల అల్లినట్టు నరాలు. గ్లాసాప్టెరిస్ అంటారు. పాతిక కోట్ల ఏళ్లకు పైబడిన చెట్టు ఆకు. అలాంటి చెట్లే కుళ్లి మన బొగ్గయ్యాయి. "ఇదే ఆకు దక్షిణధ్రువం కాడ గూడ దొరికిందమ్మా" అన్నారు. నిజమే. 1912లో కెప్టెన్ స్కాట్ బృందం ధ్రువం నుంచి తిరిగివస్తూ ఆకలితో, చలితో మంచులో చచ్చిపోయింది. ఆఖరు దాకా లాక్కొచ్చిన బండిలో సుమారు 16 కిలోల రాళ్లు ఉన్నాయి. వాటిలో ఈ ఆకు అచ్చులున్నాయి. ప్రాణం పోతున్నా పారేయలేదు. భూపాలపల్లి, అంటార్కిటికా ఒకప్పుడు ఒకే నేల మీద ఉండేవి. గోండుల పేరుమీద దాన్ని గోండ్వానా అన్నారు. పదమూడు కోట్ల ఏళ్ల కిందట అది విడిపోయి, మధ్యలో పుట్టిందే మన తూర్పు సముద్రం. ఈ బొగ్గున్న గోదావరి లోయ ఒక పగులు. అదే వాలున సాగి ఒడ్డు దగ్గర కృష్ణా గోదావరి బేసిన్‌ను కలుసుకుంటుంది. అక్కడే 2006లో జాయిడెస్ రిజల్యూషన్ అనే ఓడ, వెయ్యి మీటర్ల పైచిలుకు నీళ్ల కింద, మంచులా గడ్డకట్టిన గ్యాసు ఉన్న బంకమట్టి పొరను కనిపెట్టింది. ఒక్కచోట ఆ పొర మందం 128 మీటర్లు.

నాకు అన్నిటికంటే చిత్రమనిపించింది ఇంకొకటి. ప్రపంచంలో ఏ మహాసముద్రపు అడుగు తీసుకున్నా మహా అయితే ఇరవై కోట్ల ఏళ్ల లోపుదే. పాతది లోపలికి కుంగిపోతుంది, కొత్తది పగుళ్లలోంచి పుడుతుంది. మా జనగామ చుట్టూ ఉన్న గుట్టల రాయికి రెండువందల యాభై కోట్ల ఏళ్లు. పిల్లలు జారుడుబండ ఆడుకునే రాయి ముందు సముద్రం నిన్నటి పిల్ల. ఇటు పాఖాల పక్క పొరలు పొరలుగా ఉన్న సున్నపురాళ్లేమో వంద కోట్ల ఏళ్లకు ముందు ఏదో లోతులేని సముద్రం కింద పేరుకున్నవి. చిన్నప్పుడు అక్కడికి వనభోజనాలకు పోయి ఆ రాళ్లమీద విస్తళ్లు వేసుకుని తిన్నాం. సముద్రం అడుగునే కూర్చుని పులిహోర తిన్నామని ఎవరికి తెలుసు?

"మీరెప్పుడూ సముద్రం చూడలేదు కదా, ఇంత పిచ్చి ఎందుకు పట్టింది?" అని అడిగాను. ఆయన నవ్వలేదు. "బాయిల మేం గీసే పటం గూడ అట్లనే ఉంటదమ్మా. దీపం ఎంతదూరం పడితే అంతే కనవడ్తది. మిగిలింది లెక్క. లెక్క తప్పితే పక్కన నీళ్లు నిండిన పాత బాయిలకు పొక్క వడ్తది. మనుషులు పోతరు. ముందు పటం, వెనక పలుగు. మా దగ్గర కానూను అది." కొంచెం ఆగి, "అక్కడ పటం లేకముందే పలుగు దించుతమంటున్నరు" అన్నారు.

ఆయన చెప్పేది నల్ల గడ్డల గురించి. సముద్రంలో నాలుగైదు కిలోమీటర్ల లోతున ఉర్లగడ్డల్లాంటి నల్లటి గడ్డలు చెల్లాచెదురుగా పడి ఉంటాయి. మాంగనీసు, నికెలు, రాగి, కోబాల్టు వాటిలో ఉంటాయి. పదిలక్షల ఏళ్లకు కొన్ని మిల్లీమీటర్లు పెరుగుతాయి. మా జనగామ పక్క పెంబర్తి ఇత్తడి పనివాళ్లకు రాగి విలువ వేరే చెప్పక్కర్లేదు, బ్యాటరీల కాలంలో దేశాలకూ చెప్పక్కర్లేదు. 1981 జనవరి 26న మన గవేషణి ఓడ హిందూ మహాసముద్రం నుంచి మొదటి గడ్డను పైకి తీసింది. 1987లో వాటిని వెతికే హక్కు మన దేశానికి దక్కింది. ఇప్పుడు మధ్య హిందూ మహాసముద్రంలో 75,000 చదరపు కిలోమీటర్లు మన పేర ఉంది. 2021లో 4,077 కోట్ల రూపాయలతో లోతైన సముద్రం కోసం ఒక పెద్ద పథకానికి కేంద్రం ఒప్పుకుంది. ముగ్గురు మనుషుల్ని 6,000 మీటర్లు దింపే మత్స్య అనే వాహనం తయారవుతోంది. మనుషులు కూర్చునే గోళం అడ్డుకొలత 2.1 మీటర్లు. మా పూజగది అంత.

గడ్డలు ఏరితే ఏమవుతుంది? 1989లో జర్మనీవాళ్లు పెరూ దేశానికి ఎదురుగా, నాలుగువేల మీటర్లకు పైగా లోతున, ఎనిమిది మీటర్ల వెడల్పు గుంటకలాంటిది కట్టి సముద్రపు అడుగును డెబ్బై ఎనిమిదిసార్లు దున్ని చూశారు. 26 ఏళ్ల తరువాత, 2015లో, మళ్లీ పోయి కెమెరాలు దించారు. చాళ్లు నిన్న వేసినట్టే ఉన్నాయి. అక్కడ వెయ్యేళ్లకు పడే దుమ్ము కొన్ని మిల్లీమీటర్లే. ఏం పూడుస్తుంది? జనగామలో ఎండాకాలపు దుక్కి మొదటి వానకే మెత్తబడి గుర్తు పట్టకుండా పోతుంది. వాన లేదని ఏడ్చే ఊరి మనిషిని నేను. వానే ఎరుగని చేను ఒకటుందని, దాన్ని ఒక్కసారి దున్నితే మనవలకు మనవలు కూడా ఆ చాలు చూస్తారని చదివి పుస్తకం మూసేశాను.

ఆ పెరూ దగ్గరి నీళ్లలోనే ఆ గడ్డలకు అంటుకుని పెరిగిన స్పాంజి కాడలు చచ్చాక, వాటికి గుడ్లు పెట్టి, చుట్టుకుని కాపలా కాసే తెల్లటి ఆక్టోపస్‌ను 2016లో లోకానికి చెప్పారు. గడ్డ తీసేస్తే కాడ లేదు, కాడ లేకపోతే గుడ్డు లేదు. కాలిఫోర్నియా వైపు మరో రకం ఆక్టోపస్ తల్లి 1,400 మీటర్ల లోతున ఒకే బండకు అతుక్కుని 53 నెలలు గుడ్లను పొదిగింది. శాస్త్రజ్ఞులు వెళ్లినప్పుడల్లా అక్కడే ఉంది, పాలిపోతూ, చిక్కిపోతూ. పీతను నోటిదాకా పెట్టినా ముట్టలేదట. తొమ్మిది నెలలకే అమ్మ ముందు ఎన్ని సాధింపులు సాధించానో నాకు గుర్తొచ్చింది.

నాకు లోహాల మీద కోపం లేదు. బొగ్గు తవ్వినవాడి ఇంట్లో, వాళ్లిచ్చిన టీ తాగుతూ, తవ్వకం పాపమని ఎట్లా అంటాను? ఆ బొగ్గుతోనే నా రాతబల్ల మీద దీపం వెలుగుతోంది. కాని ఆయన మాట పడుతున్నది ఎక్కడంటే, 2025 నాటికి ప్రపంచ సముద్రాల అడుగులో సరిగ్గా కొలిచి పటం గీసింది 27 శాతం పైచిలుకే. కంటితోనో కెమెరాతోనో చూసిందైతే లోతైన అడుగులో వెయ్యోవంతు శాతం కూడా లేదు. అంతర్జాతీయ జలాల్లో జీవరాశిని కాపాడటానికి 2023లో కుదిరిన ఒప్పందం 2026 జనవరి 17 నుంచి అమల్లోకి వచ్చింది. మన దేశం 2024లో సంతకం చేసింది. అడుగును తవ్వే నియమాల మీద మాత్రం జమైకాలో ఉన్న సంస్థలో ఏళ్లుగా తగువు నడుస్తూనే ఉంది. కొంతకాలం ఆగుదామన్న దేశాలు 2025కి నలభై దాకా వచ్చాయి.

అన్నట్టు, సముద్రపు అడుగు ఒణికితే మొదట తెలిసే ఊళ్లలో మన హైదరాబాదు ఒకటి. 2004 సునామీ తరువాత, 2007లో, సముద్రమే లేని ఆ ఊళ్లో, ప్రగతినగర్‌లో సునామీ హెచ్చరికల కేంద్రం పెట్టారు. లోతున నీటి బరువును తూచే యంత్రాలు పంపే కబురు అక్కడికి చేరుతుంది. ఈ సంగతి చెబితే పెద్దాయనకు ముందే తెలుసు.

బయలుదేరుతుంటే బస్టాండు దాకా వచ్చారు. రెండో ముద్రణలో ఆ వాక్యం మారుస్తానని మాటిచ్చాను. ఆయన జేబులోంచి చిన్న నోటుబుక్కు, పెన్సిలు తీశారు.

"మంచిదమ్మా. మరి ఉంగరం ఇడిసినప్పుడు ఓడ ఒడ్డుకు ఎన్ని మైళ్ల దూరంల ఉన్నది? ఏ దిక్కు మొకం పెట్టి పోతున్నది? చెప్పుండ్రి, అడుగు ఎట్లుంటదో లెక్క గట్టి రాస్త."

నవలలో ఆ సాయంత్రం ఆకాశం రంగు నాలుగు పంక్తులు రాశాను. ఓడ ఎంత దూరం పోయిందో రాయలేదు. అదే చెప్పాను. ఆయన పెన్సిలు మళ్లీ జేబులో పెట్టుకుని, "ఆలోచించి ఒక కార్డు రాయుండ్రి" అన్నారు. ఇంకా రాయలేదు.